బండి ఎందుకు లాగదు? మోటారు ‘పికప్’ చరిత్ర

నెల్లూరు తీరమున, గూడూరు చెంతనే చిల్లకూరు ఉన్నది. చెన్నై నుండి కోల్‌కతా పోవు జాతీయ రహదారి ఈ ఊరి ప్రక్కగా సాగుతుంది. ఈ బాటకు ఒకప్పుడు 5వ నంబరు, ఇప్పుడు 16వ నంబరు. వడ్లు, చేపలు, రొయ్యలు, గాజు పరిశ్రమకు పనికివచ్చు తెల్లని సిలికా ఇసుక, ఇవన్నియు పల్లెదారుల నుండి వచ్చి ఈ పెద్దబాటలో కలుస్తాయి. వీటిని మోయు బండ్లలో ‘పికప్’ అనునది నేడు ముఖ్యమైనది. ముందు డ్రైవరు కూర్చుండు గది, వెనుక పైకప్పు లేని తొట్టి, ఇదే దాని రూపము.

అయితే మన డ్రైవర్ల నోట పికప్ అను మాటకు మరొక అర్థము కూడ ఉన్నది. తొక్కిన వెంటనే వేగము పుంజుకొను గుణమును వారు పికప్ అంటారు. ‘బండికి పికప్ పోయింది’, ‘లోడు మీద లాగడం లేదు’ అని షెడ్డుకు వచ్చి చెప్పుకొంటారు. మెకానిక్కు వినే ఫిర్యాదులలో ఇంత సామాన్యమైనది, ఇంత చిక్కైనది మరొకటి లేదు. ఇంజను ఆగిపోలేదు, చప్పుడు మారలేదు, అయినా బండి లాగదు. ఈ వ్యాధికి నూరేండ్ల చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర తెలిసినవానికి నేటి బండి వైద్యము సులభమవుతుంది.

ఇది కేవలము సౌకర్యమునకు సంబంధించిన విషయము కాదు. బండి, సరకు కలిసి 3 టన్నులు ఉన్నవనుకొందాము. పల్లెదారి నుండి వచ్చి పెద్దబాటలో చేరునపుడు అది గంటకు 40 కిలోమీటర్ల వేగము నుండి 80 కిలోమీటర్ల వేగమునకు పెరుగవలెను. గతిశక్తి సూత్రము ప్రకారము లెక్కవేస్తే దీనికి సుమారు 5 లక్షల 55 వేల జౌళ్ళ శక్తి కావలెను. చక్రములకు 50 కిలోవాట్ల సామర్థ్యము అందుతూ ఉన్నచో ఈ పని 11 సెకండ్లలో పూర్తి అవుతుంది. ఈలోపున బండి సుమారు 190 మీటర్లు పోతుంది. సామర్థ్యము సగమునకు పడిపోతే 22 సెకండ్లు, సుమారు 385 మీటర్లు పడుతుంది. గాలి ఎదురుతాకిడిని ఇందులో చేర్చలేదు. చేర్చినచో ఇంకను ఎక్కువే. వెనుక నుండి గంటకు 80 కిలోమీటర్లతో లారీ వస్తున్నప్పుడు ఈ 11 సెకండ్ల తేడా ప్రాణములతో ముడిపడినది.

ఎద్దుల నాటి నుండి బొగ్గు బస్సు దాక

మోటార్లు రాకముందు ఈ తీరపు సరకు ఎద్దుబండ్ల మీదను, బకింగ్‌హామ్ కాలువ పడవల మీదను పోయేది. 1878లో ఆ పేరు పొందిన ఆ కాలువ పెద్దగంజాము నుండి దక్షిణముగా మద్రాసును దాటి సముద్రము వెంటనే పారుతుంది. ఎద్దు మొరాయిస్తే కారణము వెదకుట రైతుకు కష్టము కాదు. మేత చాలలేదా? ఊపిరి ఆడుటలేదా? మెడమీద కాడి పుండు ఉన్నదా? బండి ఇరుసు బిగిసినదా? ఈ నాలుగు ప్రశ్నలతో అతని పరీక్ష ముగిసేది. మోటారు బండి పరీక్ష కూడ ఈ నాలుగు ప్రశ్నలను దాటి పోదని ముందు ముందు చూస్తాము.

తెలుగుదేశములో ప్రభుత్వపు బస్సులు 1932లో నిజాము రాజ్యమున 27 బండ్లతో మొదలైనవి. కోస్తా జిల్లాలలో ప్రయివేటు బస్సులు నడిచేవి. ఇవి తిరుగుచుండగా రెండవ ప్రపంచ యుద్ధము వచ్చినది. పెట్రోలు కరవై, రేషను ఏర్పడినది. అప్పుడు బస్సు వెనుక ఒక ఇనుప పొయ్యి తగిలించి, అందులో కట్టెబొగ్గు మండించి, దాని వాయువుతో ఇంజను నడిపినారు. పెద్దలు చెప్పుకొను ‘బొగ్గు బస్సు’ ఇదే.

ఎర్రగా కాలిన బొగ్గు గుండా చాలీచాలని గాలిని పంపితే ఆమ్లజని బొగ్గుతో కలిసి కార్బన్ మోనాక్సైడు అవుతుంది. ఇది మండు వాయువు. అయితే గాలిలో ఐదింట నాలుగు వంతులు నత్రజని. అది మండదు, మండనివ్వదు. వాయువుతో పాటు తానును సిలిండరులో చేరి చోటు ఆక్రమించుకొంటుంది. ఈ కారణమున పెట్రోలుతో నడిచిన ఇంజనే బొగ్గు వాయువుతో నడిపినప్పుడు మూడవ వంతు నుండి సగము దాక బలము కోల్పోయేది. ఎత్తు వచ్చినప్పుడు జనము దిగి నడువవలసి వచ్చేది. ఇంజనులో లోపమేమియు లేదు. మేత పస లేనిది, అంతే. బండి బలము ఇంజను ఇనుములో కాక, సిలిండరులో చేరు గాలి, ఇంధనముల పాలులో ఉన్నదని ఆ బస్సులు అందరికీ నేర్పినవి.

డీజిలు తెచ్చిన మార్పు

జర్మనుడైన రూడాల్ఫ్ డీజిల్ 1892లో తన కొత్త ఇంజనుకు పేటెంటు కోరినాడు. 1897లో ఆగ్స్‌బర్గులో జరిగిన పరీక్షలో అది ఇంధనములోని వేడిలో నూటికి 26 పాళ్ళను పనిగా మార్చినది. నాటి సాధారణ ఆవిరి యంత్రములు ఇందులో సగము కూడ ఇవ్వలేకపోయేవి. 1900 పారిసు ప్రదర్శనలో అతని పద్ధతి ఇంజను ఒకటి వేరుసెనగ నూనెతో నడిచినది.

సైకిలు పంపుతో గాలి కొట్టునప్పుడు పంపు మొదలు వేడెక్కుట విద్యార్థులందరికీ అనుభవమే. డీజిలు ఇంజనులో ఈ సంపీడనము చాల తీవ్రముగా జరుగుతుంది. గాలిని 16వ వంతుకో, ఇంకను తక్కువకో నొక్కగా దాని వేడిమి 500 సెంటిగ్రేడు డిగ్రీలు దాటుతుంది. ఆ క్షణమున చిమ్మిన నూనె దానంతట అదే మండుతుంది. నిప్పురవ్వ అక్కరలేదు.

చిక్కంతయు చిమ్ముటలోనే వచ్చినది. మొదట నూనెను అధిక పీడనపు గాలితో చిమ్మేవారు. దానికి వేరుగా ఒక గాలి యంత్రము కావలెను. ఆ బరువుతో ఇంజను ఓడలకు, కర్మాగారములకు పనికివచ్చినది గాని బండ్లకు పనికిరాలేదు. 1923-24 సంవత్సరములలో జర్మనీలో డీజిలు లారీలు వెలువడినవి. 1927లో రాబర్ట్ బాష్ సంస్థ నూనెను సూటిగా నొక్కి చిమ్ము పంపును పెద్దయెత్తున తయారుచేయ మొదలుపెట్టినది. ఈ పంపు రాకతో డీజిలు లారీ ప్రపంచమంతట వ్యాపించినది.

స్వాతంత్ర్యానంతరము 1948లో మద్రాసు ప్రక్కన ఎన్నూరులో అశోక్ మోటార్స్ స్థాపించబడి, 1955లో అశోక్ లేలండ్ అయినది. 1954లో జంషెడ్‌పూరులో టాటా సంస్థ మెర్సిడెస్ బెంజి సహకారముతో లారీల తయారీ ప్రారంభించినది. చిమ్ముడు పంపులను 1951లో స్థాపించబడిన మైకో సంస్థ అందించినది. నెల్లూరు బాటపై రెండు తరములు నడిచినవి ఈ లారీలే.

పొగ చెప్పు సాక్ష్యము

ఆ లారీలకు వైద్యము చేసిన మెకానిక్కులలో పెక్కుమంది బడి చదువు తక్కువవారు. వారికి చెవి, ముక్కు, కన్ను, వ్రేలికొన, ఇవే పరికరములు. సైలెన్సరు నుండి వచ్చు పొగ రంగును చూచి వారు రోగము చెప్పేవారు. దాని వెనుక చక్కని రసాయన శాస్త్రము ఉన్నది.

నల్లని పొగ అనగా మండక మిగిలిన కర్బనము. నూనె ఎక్కువైనది, లేదా గాలి తక్కువైనది. ఎయిర్ ఫిల్టరు పూడిపోయినప్పుడు, నాజిల్ సన్నగా చిమ్మక చుక్కలుగా కార్చినప్పుడు ఇది వస్తుంది. తెల్లని పొగ అనగా అసలు అంటుకొనక ఆవిరైన నూనె, లేదా సిలిండరులోనికి కారిన నీటి ఆవిరి. సంపీడనము చాలక వేడి పుట్టలేదనియో, నూనె ఆలస్యముగా పడుచున్నదనియో గ్రహించవలెను. నీలిపొగ అనగా ఇంజను ఆయిలు పైకి వచ్చి మండుచున్నది, రింగులు అరిగినవి.

పొగ రాకుండగనే బండి లాగనిచో? అప్పుడు అనుమానము డీజిలు ఫిల్టరు మీదికి పోవలెను. కొద్దిగా పూడిన ఫిల్టరు ఖాళీ బండికి సరిపోవునంత నూనె ఇస్తుంది. లోడు మీద తొక్కినప్పుడు కావలసినంత ఇవ్వలేదు. కనుక ఊరిలో బాగుగా నడిచిన బండి పెద్దబాట ఎక్కగానే నీరసిస్తుంది. కిరసనాయిలు కల్తీ అయిన డీజిలు మరొక కీడు చేస్తుంది. పంపులోని సన్నని భాగములకు డీజిలే కందెన. కిరసనాయిలుకు ఆ జిడ్డు తక్కువ. భాగములు అరిగి పీడనము జారిపోతుంది.

ఆ కాలమున ఒక దురలవాటు కూడ పెరిగినది. బండి లాగనప్పుడు పంపు మీది మరను త్రిప్పించి నూనె ఎక్కువ పోవునట్లు చేయించేవారు. కొన్నాళ్ళు బలము పెరిగినట్లే ఉండేది. గాలి పెరుగకుండ నూనె పెంచితే మిగులు నూనె పొగగా పోవుటయే కాక పిస్టన్లను కాల్చేది. మేత అరగని ఎద్దునకు ఇంకను మేత వేయుట వంటి పని ఇది.

గాలి లెక్క

డీజిలు నూనె పూర్తిగా మండుటకు కిలోకు సుమారు 14.5 కిలోల గాలి కావలెను. 100 కిలోమీటర్ల ప్రయాణమునకు 10 లీటర్లు ఖర్చగు పికప్‌ను తీసుకొందాము. 10 లీటర్ల డీజిలు 8.3 కిలోలు తూగుతుంది. దానికి 120 కిలోల గాలి కావలెను. ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు కనుక ఇది 100 ఘనపు మీటర్లు. 7 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల తరగతి గదిలోని గాలి దాదాపు ఇంతే. ఇది కనీసపు లెక్క. డీజిలు ఇంజను ఎప్పుడును అవసరమునకు మించిన గాలినే పీలుస్తుంది కనుక రెండు తరగతి గదుల గాలి ఆ చిన్న ఫిల్టరు కాగితము గుండా పోతున్నదని అనుకోవచ్చును.

ఈ గాలిని ఇంకను ఎక్కువ ఎట్లు ఇవ్వవచ్చును? స్విట్జర్లండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లో దీనికి ఉపాయము చూపి పేటెంటు పొందినాడు. ఇంజను వదలు వేడి పొగతో ఒక చక్రమును త్రిప్పి, అదే ఇరుసుకు రెండవ కొనను ఉన్న చక్రముతో బయటి గాలిని నొక్కి లోనికి పంపుట. దీనినే టర్బో అంటున్నాము. చిన్న ఇంజనులలో ఈ చక్రము నిమిషమునకు లక్ష చుట్లు దాటి తిరుగుతుంది.

నొక్కిన గాలి వేడెక్కుతుందని పైన చెప్పుకొన్నాము. 30 డిగ్రీల గాలిని రెట్టింపు పీడనమునకు నొక్కితే అది 125 డిగ్రీల దాక పోవచ్చును. వేడి గాలి పలుచన. కనుక పీడనము రెండింతలైనను సాంద్రత ఒకటిన్నర రెట్లే. ఆ గాలిని బండి ముందు ఉన్న ఇంటర్‌కూలరు అను జల్లెడ గొట్టములలో 60 డిగ్రీలకు చల్లార్చితే సాంద్రత 1.8 రెట్లు అవుతుంది. ఇంటర్‌కూలరు రెక్కలలో బురద, పురుగులు పేరుకొన్నచో ఎంత నష్టమో ఈ లెక్కనుబట్టి తెలుస్తుంది. చార్లెసు, బాయిలు సూత్రములు తెలిసిన ఉన్నత పాఠశాల విద్యార్థి దీనిని తానే చేసి చూడవచ్చును.

టర్బోతో కొత్త రోగములును వచ్చినవి. తొక్కిన వెంటనే బలము రాదు. ముందు పొగ పెరిగి, చక్రము వేగము పుంజుకొని, ఆపైన గాలి పెరుగవలెను. ఈ చిన్న ఆలస్యము సహజమే. ఆలస్యము నానాటికి పెరిగినచో ఎక్కడనో గాలి కారుతున్నదని అర్థము. టర్బో నుండి ఇంజనుకు పోవు రబ్బరు గొట్టము చీలినా, దాని బిగింపు వదులైనా నొక్కిన గాలి బయటికి పోతుంది. తొక్కినప్పుడు ‘సుయ్’ మను చప్పుడు, గొట్టము మీద ఆయిలు మరక దీనికి గుర్తులు. కొన్నివందల రూపాయల గొట్టము చీలగా, దానిని చూడక వేలు పోసి టర్బో మార్పించినవారు కలరు.

లెక్క చూచు పెట్టె

ఇంతవరకు చెప్పిన లోపములన్నియు ఒక జాతివి. ఇంజనుకు బలము లేదు, కనుక ఇవ్వలేదు. నేటి బండ్లలో రెండవ జాతి లోపము చేరినది.

1995లో జపానుకు చెందిన డెన్సో సంస్థ హినో లారీలకును, 1997లో బాష్ సంస్థ ఇటలీ కార్లకును ‘కామన్ రైలు’ పద్ధతిని అందించినవి. పంపు నూనెను ఒక ఉమ్మడి గొట్టములో నొక్కి నిలువ ఉంచుతుంది. ఎప్పుడు, ఎంత చిమ్మవలెనో ఒక కంప్యూటరు నిర్ణయిస్తుంది. నేడు ఈ గొట్టములోని పీడనము 2,000 వాతావరణములు దాటుచున్నది. సముద్రములో 10 మీటర్లు దిగినకొలది ఒక వాతావరణపు పీడనము పెరుగుతుంది. ప్రపంచములోని అత్యంత లోతైన సముద్ర గర్భమున, 11 కిలోమీటర్ల క్రింద ఉండునది 1,100 వాతావరణములు మాత్రమే. దానికి దాదాపు రెండింతలు మన పికప్ బానెట్టు క్రింద ఉన్నది! ఇంజను నడుచుచుండగా ఆ గొట్టముల మరలు విప్పరాదని చెప్పుట ఇందుకే. ఆ సన్నని నూనెధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు.

ఇటువంటి మార్పునకు వెనుక నుండి తరిమినవి పొగ నియమములు. మన దేశమున అవి 2000లో గట్టిగా మొదలై, 2017 ఏప్రిల్ 1 నాటికి భారత్ స్టేజి నాలుగు, ఐదవ మెట్టును దాటవేసి 2020 ఏప్రిల్ 1 నాటికి భారత్ స్టేజి ఆరు దేశమంతట అమలులోనికి వచ్చినవి. డీజిలులో గంధకము నాలుగవ మెట్టున పది లక్షల పాళ్ళకు 50 పాళ్ళు ఉండవచ్చును. ఆరవ మెట్టున 10 పాళ్ళే. పొగ దారిలో మసిని పట్టు పింగాణి వడపోత వచ్చినది. పెక్కు బండ్లలో నత్రజని ఆక్సైడులను విరుచుటకు యూరియా ద్రావణము చిమ్ము ఏర్పాటు కూడ వచ్చినది. ఈ ద్రావణమును డెఫ్ అంటారు. అందులో యూరియా నూటికి 32.5 పాళ్ళు, మిగిలినది శుద్ధమైన నీరు.

కంప్యూటరునకు కండ్లు, చెవులు సెన్సర్లు. లోనికి పోవు గాలి ఎంత, దాని పీడనమెంత, నూనె పీడనమెంత, నీటి వేడిమి ఎంత, మసి వడపోతకు ముందు వెనుకల పీడనమెంత, డ్రైవరు పెడలు ఎంత తొక్కినాడు, ఇవన్నియు అది చూస్తుంది. లెక్క కుదరనిచో ఇంజనును కాపాడుటకై బలమును తగ్గించివేస్తుంది. పసుపుపచ్చని దీపము వెలుగుతుంది. బండి కుంటుకొంటూ షెడ్డుకు చేరునంత బలము మాత్రము ఇస్తుంది. ఇంగ్లీషువారు కూడ దీనిని కుంటి నడక అనియే పిలిచినారు.

లేక ఇవ్వలేనివాడు వేరు, ఉండి ఇవ్వనివాడు వేరు. పాత లారీ మొదటి రకము. నేటి పికప్ మొదటి రకము కావచ్చును, రెండవ రకమును కావచ్చును. ఏ రకమో తేల్చుకొనుటయే నేటి మెకానిక్కు మొదటి పని.

తీరపు ఇసుక, శ్రీసిటీ పికప్

తెలుగు నేలకు చిన్న సరకు బండ్ల తయారీ కొత్త కాదు. 1980 దశకములో నాలుగు జపాను సహకార సంస్థలు మన దేశమున తేలిక లారీలు తయారుచేయగా, వాటిలో ఒకటైన ఆల్విన్ నిస్సాన్ కర్మాగారము మెదకు జిల్లా జహీరాబాదులో వెలసినది. తరువాత అది మహీంద్రా సంస్థ చేతికి పోయినది. 2016 ఏప్రిల్‌లో తడ సమీపములోని శ్రీసిటీలో ఇసుజు సంస్థ పికప్ కర్మాగారము ప్రారంభమైనది. చిల్లకూరు నుండి పెద్దబాట పట్టి దక్షిణముగా పోతే శ్రీసిటీ దూరము కాదు. ఇదే ఇసుజు సంస్థ 1998లో అమెరికాలో జనరల్ మోటార్స్‌తో కలిసి ఒహాయో రాష్ట్రమున ఇంజను కర్మాగారము స్థాపించినది. అమెరికా భారపు పికప్‌లకు 2001 నమూనా నుండి పేరు తెచ్చిన ‘డ్యూరామాక్స్’ డీజిలు ఇంజను అక్కడిదే. అక్కడి 6.6 లీటర్ల ఇంజనైనా, ఇక్కడి రెండు లీటర్ల చిల్లర ఇంజనైనా పని సూత్రము, రోగ లక్షణము ఒక్కటే.

ఈ తీరమున ఒక ప్రత్యేక జాగ్రత్త అవసరము. సిలికా ఇసుక ధూళి చాల కఠినమైనది. 1812లో ఫ్రెడరిక్ మోస్ ఏర్పరచిన గట్టితనపు కొలతలో స్ఫటికమునకు 7, మెత్తని ఇనుమునకు సుమారు 4. ఇటువంటి ధూళి ఫిల్టరును దాటి లోనికి పోయినచో సిలిండరు గోడలను ఆకురాయి వలె అరగదీస్తుంది. ఫిల్టరు దాన్ని ఆపినచో ఫిల్టరే పూడిపోతుంది. ఫిల్టరు వెనుక గాలిని కొలుచు సెన్సరులో వేడి చేసిన సన్నని పొర ఒకటి ఉంటుంది. గాలి దానిని ఎంత చల్లార్చినదో చూచి గాలి ఎంత వచ్చినదో కంప్యూటరు తెలుసుకొంటుంది. ఆ పొరకు ధూళి అంటితే అది సరిగా చల్లబడదు. గాలి తక్కువ వచ్చినదని భ్రమపడి కంప్యూటరు నూనె కూడ తగ్గిస్తుంది. గాలి ఉన్నది, నూనె ఉన్నది, ఇంజను ఆరోగ్యముగా ఉన్నది, అయినా బండి లాగదు! ఇది రెండవ రకపు రోగమునకు చక్కని ఉదాహరణము.

వెదకవలసిన వరుస

రైతు ఎద్దును పరీక్షించిన వరుసనే ఇక్కడ పాటించవచ్చును. ఖర్చు లేని పరీక్ష ముందు, ఖర్చైనది వెనుక.

మొదట ఇరుసు. లోపము ఇంజనుదేనా? గేరులో ఉండి తొక్కినప్పుడు ఇంజను చుట్లు పెరిగి బండి వేగము పెరుగనిచో క్లచ్చి జారుచున్నది. కొంత దూరము నడిపి ఆపిన తరువాత ఒక చక్రపు గుబ్బ మిగిలినవాటికంటె చాల వేడిగా ఉన్నచో అక్కడ బ్రేకు పట్టుకొని ఉన్నది. టైర్లలో గాలి తగ్గినను బండి బరువుగా నడుస్తుంది. మితిమీరిన లోడునకు ఇంజనును నిందించి లాభము లేదు.

రెండవది దీపము. పసుపుపచ్చ దీపము వెలిగినదా? వెలిగినచో స్కానరు పెట్టి సంకేత సంఖ్యను చదువవలెను. ఆ సంఖ్య నేరస్థుని పేరు కాదు, ఒక సాక్షి చెప్పిన మాట మాత్రమే. ‘టర్బో పీడనము తక్కువ’ అని అది చెప్పినచో టర్బోయే చెడినదని కాదు. గొట్టము చీలి ఉండవచ్చును, ఫిల్టరు పూడి ఉండవచ్చును, టర్బోలో కదలు రెక్కలు మసితో బిగిసి ఉండవచ్చును, కొలుచు సెన్సరే తప్పు చెప్పుచుండవచ్చును. సాక్షి మాటను ఇతర సాక్ష్యములతో పోల్చి చూడవలెను.

మూడవది ఊపిరి. ఎయిర్ ఫిల్టరు, గొట్టములు, ఇంటర్‌కూలరు. ఫిల్టరు కాగితమును నేలకు కొట్టి దులుపుటచే చిరుగులు పడతాయి. చిరిగిన ఫిల్టరు పూడిన ఫిల్టరుకంటె ప్రమాదము.

నాలుగవది మేత. డీజిలు ఫిల్టరు, దాని అడుగున చేరిన నీరు, ఆపైన పంపు, నాజిళ్ళు.

ఐదవది ఎద్దునకు లేనిది, ఇంజనుకు ఉన్నది: ఊపిరి విడుచు దారి. మసి వడపోత నిండితే పొగ బయటికి పోలేక వెనుకకు నొక్కుతుంది. పాత ఊపిరి విడువనివాడు కొత్త ఊపిరి తీసికొనలేడు. ఈ మసి సుమారు 600 డిగ్రీల వేడిలో కాలిపోతుంది. ఊరిలోనే చిన్న చిన్న దూరములు తిరుగు బండికి అంత వేడి రాదు. పెద్దబాట మీద కొంతసేపు ఆగక నడిపినచో చాలవరకు వడపోత దానంతట అదే శుభ్రపడుతుంది. డెఫ్ తొట్టి ఖాళీ అయినను, అందులో మామూలు నీరు కలిపినను కంప్యూటరు బలమును తగ్గించును.

ఈ వరుస తప్పినవారు చివర ఉండవలసిన దానిని మొదట చేస్తారు. బండి లాగుటలేదని వడపోతను పగులగొట్టి ఖాళీ చేయించి, కంప్యూటరు లెక్కలను మార్పించువారు కొందరు ఉన్నారు. నాడు పంపు మర త్రిప్పించిన దురలవాటే ఇది, నేటి వేషములో. బండి లాగవచ్చును. ఆ మసి మాత్రము ఎక్కడికి పోతుంది? డీజిలు పొగ మనుష్యులలో క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించినది. బాట ప్రక్కన బడికి నడిచిపోవు పిల్లల ఊపిరితిత్తులే ఆ బండికి కొత్త వడపోత అవుతాయి.

చెవితో, కంటితో రోగము చెప్పిన పాత మెకానిక్కు విద్య నేటికిని వ్యర్థము కాలేదు. నల్లపొగ అర్థము మారలేదు, చీలిన గొట్టపు చప్పుడు మారలేదు. దానికి తోడు కంప్యూటరు ఎందుకు బలమును బిగపట్టుకొన్నదో అడిగి తెలుసుకొను విద్య కావలెను. ఈ రెండవ విద్యకు మూలము వాయు సూత్రములు, దహనము, పీడనము, ఉష్ణము. ఇవన్నియు మన ఉన్నత పాఠశాల పుస్తకములలో ఉన్నవే. ఉపాధ్యాయులు ఈ పాఠములు చెప్పునప్పుడు ఒక్క ఎయిర్ ఫిల్టరును తరగతికి తెచ్చి, రెండు తరగతి గదుల గాలి దీని గుండా పోవలెనని పిల్లలచేత లెక్కవేయిస్తే చాలును. వారిలో ఒకడు రేపు షెడ్డులో కూర్చున్నను, కర్మాగారములో చేరినను, విడిభాగము మార్చుటకు ముందు కారణము అడుగుతాడు.